లాబ్ (లాబ్రడార్) కుక్కపిల్ల చచ్చిపోతే ‘ఇంకోటి సగం ధరకిస్తా’ అనేవాడితో జాగ్రత్త

రీల్స్‌లో పచ్చగడ్డి మీద లాబ్ పిల్లల్ని వరసగా పరిగెత్తించే ఆ కెన్నెల్ (కుక్కల్ని పెంచి అమ్మే చోటు) ఆయన గురించే ఈ పోస్టు. పేరు రాయను. హైదరాబాద్‌లో కుక్కపిల్ల కోసం వెతికినవాళ్ల ఫోన్‌లో ఒక్కసారైనా కనిపించే ఉంటాడు. ఆయన దగ్గరే కొన్నాం: 22 వేలు, ఫాన్ (లేత గోధుమ) రంగు మగపిల్ల. ఇంటికొచ్చిన రెండో రాత్రే వాంతులు, ఆ తర్వాత నెత్తురు విరేచనాలు. డాక్టర్ దూది పుల్లతో మలం తీసి కిట్‌లో వేస్తే పది నిమిషాల్లో రెండో గీత పడింది. పార్వో, కుక్కపిల్లల పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు. సెలైన్లు, వాంతులు ఆగే ఇంజెక్షన్లు, అన్నీ అయ్యాయి. వారం తిరక్కుండా పోయింది.

ఫోన్ చేస్తే ఆయన మొదటి మాట: “మీ ఇంటి నీళ్లు పడలే సార్. పెరుగన్నం పెట్టిన్రా?” పెట్టలేదంటే, “మరి బయట తిప్పిన్రా?” అదీ లేదంటే, ఊపిరి కూడా తీసుకోకుండా, “పోనీ తీయండి సార్, ఇంకోటి 11 వేలకే ఇస్తా, రేపే తెచ్చిస్తా.”

ఆ 11 దగ్గర ఆగండి. పిల్ల చచ్చిందంటే ఆశ్చర్యపోలేదు, ఎలా అని అడగలేదు, మిగతా పిల్లలు ఎలా ఉన్నాయో అన్న కంగారు లేదు. రేటు మాత్రం నాలిక మీదే ఉంది. ఎప్పుడో ఒకసారి జరిగేదానికి ఎవరూ రేటు కట్టి పెట్టుకోరు. ఒప్పుకోకపోయేసరికి “సార్” కాస్తా “నువ్వు” అయింది: “ఏం చేసుకుంటవో చేస్కో, కుక్కనే కదా.” తర్వాత బ్లాక్. మర్యాద కూడా 22 వేల ప్యాకేజీలో భాగమని ఇప్పుడు తెలిసింది.

నీళ్లు పడకపోవడం, పెరుగన్నం, ఇవన్నీ కబుర్లు. పార్వో వైరస్ ఒంట్లోకి వెళ్లాక లక్షణాలు బయటపడడానికి మామూలుగా 3 నుంచి 7 రోజులు పడుతుంది. కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. అంటే రెండో రాత్రే వాంతి చేసుకున్న పిల్ల ఆ జబ్బుని అక్కణ్నుంచే మోసుకొచ్చింది. వాదన పెట్టుకోవాల్సి వస్తే కొన్న తేదీ, మొదటి వాంతి తేదీ, కిట్ రిపోర్టు, ఈ మూడూ పక్కపక్కన పెట్టండి చాలు.

ఆ రెండో పిల్ల ఆఫర్ ఇంకా పెద్ద మోసం. పార్వో వైరస్ నేల మీద, గోనెసంచిలో, చెప్పుల అడుగున నెలల తరబడి బతుకుతుంది. ఫినాయిల్, డెటాల్ దాన్నేమీ చేయలేవు. ముందు సబ్బునీళ్లతో మురికంతా కడిగేసి, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి 30 వంతుల నీళ్లు కలిపి, కనీసం పది నిమిషాలు నేల తడిగా ఉండనివ్వాలి. మెత్తలు, దుప్పట్లు పారేయడమే. పెరటి మట్టిని ఎవరూ పూర్తిగా శుభ్రం చేయలేరు. అలాంటి ఇంట్లోకి, అదే కెన్నెల్ గదిలోంచి, టీకాల కోర్సు పూర్తికాని ఇంకో పిల్లని “రేపే” తెస్తాడట. కొన్ని నెలలు ఆగండి. తర్వాత తెచ్చినా 16 వారాలు దాటి టీకాలన్నీ అయిన పిల్లనే తెచ్చుకోవాలి.

ఇక టీకా కార్డు. దూరం నుంచి చూస్తే ముచ్చటగా ఉంది, పైన కుక్క పాదాల బొమ్మలు కూడా. దగ్గరగా చూడండి. పుట్టిన తేదీకీ నైన్ ఇన్ వన్ (పార్వోతో సహా కొన్ని జబ్బులకి కలిపి వేసే టీకా) వేసిన తేదీకీ మధ్య 28 రోజులే. 6 వారాల లోపు తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ టీకాని పని చేయనివ్వదు, వేసినా వేయనట్టే. అసలు వేశాడని నమ్మకం ఏముంది? సీసా మీది స్టిక్కర్ ఊడదీసి కార్డులో అతికించాలి, దాని మీద బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఉంటాయి. ఇక్కడ స్టిక్కర్‌లో కంపెనీ బొమ్మున్న సగమే ఉంది, నంబరున్న సగం నీటుగా కత్తిరించేశారు. డాక్టర్ ముద్రలో రిజిస్ట్రేషన్ నంబరు లేదు. డీవార్మింగ్ (నులిపురుగుల మందు) తేదీలు, టీకా తేదీ, సంతకం, అన్నీ ఒకే పెన్ను, ఒకే చేతిరాత. ఇవన్నీ డబ్బులు కొట్టకముందే కనిపించేవే. ఒళ్లో పిల్ల ఉంటే కార్డు ఎవరు చదువుతారు, గొప్ప తెలివి మనది.

కెన్నెల్‌కి వస్తామంటే “వద్దు సార్, బయటివాళ్లొస్తే పిల్లలకి ఇన్ఫెక్షన్” అని మెట్రో స్టేషన్ కింద తెచ్చిచ్చాడు. ఇన్ఫెక్షన్ భయమట! పద్ధతిగా పెంచేవాళ్లు చెప్పులు విప్పించి, చేతులు కడిగించి లోపలికి రానిస్తారు. తల్లిని చూపిస్తారు. ఈయన వీడియోలో చూపించిన “తల్లి” పొట్ట బిగుతుగా, నున్నగా ఉంది. రెండు నెలల కింద ఈనిన కుక్కకి చన్నులు ఇంకా వేలాడుతూనే ఉంటాయి, బొచ్చు పలచబడి ఉంటుంది.

వయసు కూడా కొలవండి. 2017 డాగ్ బ్రీడింగ్ నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. అమ్మేవాడికి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. నోరు తెరిచి చూస్తే 8 వారాల పిల్లకి వెనక దవడ పళ్లు కూడా దాదాపు వచ్చేసి ఉంటాయి. ముందు పళ్లు, కోరలు మాత్రమే ఉంటే అది ఇంకా చిన్నది. లాబ్ అయితే మామూలుగా 4 కిలోలు దాటి ఉండాలి. స్నానం చేయించి సెంటు కొట్టి తెచ్చారంటే తోక ఎత్తి చూడండి, విరేచనాల తడి, మరక ఉందేమో.

“కేసీఐ పేపర్లతో 30, లేకుండా 22” అంటే అక్కడే లేచిపొండి. కేసీఐ అంటే జాతి కుక్కల్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా. లిట్టర్ (ఒకే ఈతలో పుట్టిన పిల్లలు) మొత్తాన్నీ పెంచినవాడే రిజిస్టర్ చేయించాలి, ఒక్కో పిల్లకి ఒక్కో రేటు ఉండదు. చర్మం కింద పెట్టిన మైక్రోచిప్ స్కాన్ చేయించి ఆ 15 అంకెలూ సర్టిఫికెట్‌లోవేనా చూసుకోండి. అయినా ఆ కాగితం తల్లిదండ్రులెవరో చెబుతుందంతే, ఆరోగ్యం గురించి కాదు. లాబ్‌లకి తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే అడగాలి. అడిగితే నవ్వేవాడి దగ్గర కొనొద్దు.

వాట్సాప్‌లో మాటలు మొదలైన రోజే డిసప్పియరింగ్ మెసేజెస్ (కొంత కాలానికి మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయే సెట్టింగ్) ఆన్ చేశాడు. మీకూ అలా చేస్తే వెంటనే స్క్రీన్‌షాట్లు తీయండి. డబ్బు యూపీఐలోనే వేయండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కొనుగోళ్లకి ఫిర్యాదు ఫీజు లేదు.

అదే లిట్టర్‌లో ఎర్ర దారం, పచ్చ దారం కట్టిన పిల్లలు కూడా అమ్ముడుపోయాయని స్టేటస్ పెట్టాడు. అవి మీ ఇంట్లో ఉంటే నెత్తురు కనిపించేదాకా ఆగకండి. తిండి మానేసి మూల కూర్చున్న పూటే కిట్ టెస్ట్ చేయించండి. ఆసుపత్రిలో కూడా ముందే చెప్పి, పిల్లని నేల మీద దించకుండా తీసుకెళ్లండి, అక్కడ వరసలో వేరేవాళ్ల పిల్లలుంటాయి.