'టైమ్‌వేవ్ జీరో': డెత్ మెటల్ బృందం చేసిన నిశ్శబ్ద ప్రయాణం

అమెరికాలోని డెన్వర్ నగరానికి చెందిన బ్లడ్ ఇన్‌కాంటేషన్ బృందం పేరు వినగానే గర్జించే గొంతు, ఉరుముల్లాంటి డ్రమ్ములు గుర్తుకు వచ్చే డెత్ మెటల్ (రాక్ సంగీతంలో అతి ఉద్ధృతమైన శైలి) అభిమానులకు, 2022లో వెలువడిన వారి ఆల్బమ్ 'టైమ్‌వేవ్ జీరో' మొదట కొత్త మనుషుల పనిలా తోస్తుంది. ఇందులో ఆ రెండూ లేవు, దాదాపు అంతా సింథసైజర్లదే (ఎలక్ట్రానిక్ పద్ధతిలో నాదం పుట్టించే వాద్యాలు).

'ఐయో', 'ఈయా' అనే రెండే రచనలు, ఒక్కొక్కటి సుమారు 20 నిమిషాల నిడివితో, నాలుగేసి భాగాలుగా సాగుతాయి. నాకు 'ఐయో' ఎక్కువ నచ్చింది: అడుగున నాదం తంబూరా శ్రుతిలా నిలిచి ఉండగా, పైన చిన్న స్వరగుచ్ఛం పదేపదే తిరుగుతూ, మనం గమనించేలోపే రంగు మార్చుకుంటుంది. 1970ల నాటి జర్మన్ ఎలక్ట్రానిక్ సంగీత బృందం టాంజరిన్ డ్రీమ్ ప్రభావం స్పష్టంగా, కొన్నిచోట్ల అవసరానికి మించి కూడా, వినిపిస్తుంది. 'ఈయా' మరింత చీకటిగా, నెమ్మదిగా ఉంటుంది. దాని మధ్యభాగం నా ఓపికకు పరీక్ష పెట్టింది. అయినా వేగానికి అలవాటుపడిన నలుగురు వాద్యకారులు నాదాన్ని ఇంత శ్రద్ధగా, తొందరపడకుండా మలచడం నన్ను కదిలించింది. ఇది క్షణికమైన సరదా కాదు: 2024 నాటి 'అబ్సొల్యూట్ ఎల్స్‌వేర్' ఆల్బమ్‌లో టాంజరిన్ డ్రీమ్ సభ్యుడు థోర్‌స్టెన్ క్వెష్నింగ్ వీరితో కలిసి వాయించారు.

ఫోన్ స్పీకరులో దీని మంద్రస్వరాలు వినిపించవు కాబట్టి, రాత్రివేళ మంచి హెడ్‌ఫోన్లతో వినవలసిందిగా కోరుతున్నాను.