జాగ్రత్త: సిడ్నీ–లండన్ టికెట్ల పేజీలో ‘20 గంటల ప్రయాణం’ అని కనిపిస్తే నమ్మి డబ్బు కట్టకండి

సిడ్నీ నుంచి లండన్‌కు టికెట్ కొనదలచినవారి కోసం ఇది రాస్తున్నాను. ఆన్‌లైన్‌లో విమాన టికెట్లు అమ్మే ఒక సంస్థ, తన పేజీ పైభాగాన ‘దూరం 17,000 కి.మీ., ప్రయాణ సమయం 20 గంటలు’ అని పెద్ద అక్షరాలతో చూపి, సరిగ్గా దాని కిందే అన్నింటికంటే చౌక టికెట్‌ను పెట్టింది. ఆ అంకెలు తాను అమ్ముతున్న టికెట్‌వి కావని మాత్రం ఎక్కడా చెప్పలేదు.

17,000 కి.మీ. అనేది భూగోళం మీద ఆ రెండు విమానాశ్రయాల మధ్య ఉన్న అతి దగ్గరి దారి. దాన్ని గంటకు 850 కి.మీ. వేగంతో భాగిస్తే 20 గంటలు వస్తాయి. లెక్క సరైనదే గానీ, నేను కొన్ననాటికి సిడ్నీ నుంచి లండన్‌కు మధ్యలో దిగకుండా వెళ్లే సర్వీసే లేదు. 2018లో మొదలైన నాన్‌స్టాప్ సర్వీసు పెర్త్ నుంచి నడుస్తుంది. సుమారు 14,500 కి.మీ. ఉన్న ఆ దారికే దాదాపు 17 గంటలు పడుతుంది.

నాకు అంటగట్టింది టోక్యో మీదుగా వెళ్లే టికెట్. దూరం చూస్తే అనుమానం రాదు: సిడ్నీ–టోక్యో సుమారు 7,800, టోక్యో–లండన్ సుమారు 9,600, అంటే నేరు దారి కంటే నాలుగు వందల కిలోమీటర్లే ఎక్కువ. కానీ 2022 నుంచి జపాన్, ఐరోపా విమానయాన సంస్థలు రష్యా గగనతలాన్ని తప్పించి చుట్టూ తిరిగి వెళ్తున్నందున, టోక్యో–లండన్ ప్రయాణమే పద్నాలుగు గంటలు దాటుతోంది. మొదటి విమానంలో గడిపే తొమ్మిదిన్నర గంటలు కలిపితే గాలిలోనే ఒక రోజు గడిచిపోతుంది.

అసలు మోసం ఇంకొకటి ఉంది. పేజీలో ‘టోక్యో’ అని మాత్రమే ఉంది. టోక్యోకు రెండు విమానాశ్రయాలున్నాయి: విమానం దిగింది నరితాలో, ఎక్కాల్సింది హనేడాలో. పైగా అవి రెండు వేర్వేరు టికెట్లు. అందువల్ల ఇమిగ్రేషన్ దాటి, బ్యాగులు తీసుకుని, కస్టమ్స్ ముగించుకుని, బస్సులో గంటకు పైగా ప్రయాణించి, హనేడాలో మళ్లీ చెక్ ఇన్ చేయాలి. జపాన్‌లోకి వీసా లేకుండా అడుగుపెట్టే వీలు లేని పాస్‌పోర్టు ఉన్నవారికి ఆ మొదటి మెట్టు దగ్గరే దారి మూసుకుపోతుంది. నేను చేరేసరికి కౌంటర్ మూసేశారు. మొదటి టికెట్‌తో తమకు సంబంధం లేదని రెండో విమానయాన సంస్థ చెప్పింది, నిబంధన ప్రకారం అది నిజమే. అమ్మిన సంస్థేమో ‘దూరం, సమయం అంచనాకు మాత్రమే’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంది. కొత్త టికెట్ ఖర్చు నా మీదే పడింది.

టికెట్ మీది సమయాలు కూడా ఏ ఊరివి ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటాయి. సాయంత్రం 5కి బయలుదేరి మర్నాడు ఉదయం 6కి చేరుతుందని ఉంటే పదమూడు గంటలే అనిపిస్తుంది. కాలాన్ని బట్టి లండన్ సిడ్నీకి 9 నుంచి 11 గంటలు వెనకుంటుంది కాబట్టి అసలు ప్రయాణం 22 నుంచి 24 గంటలు.

కాబట్టి డబ్బు కట్టేముందు మొత్తం ప్రయాణానికి ఒకే పీఎన్ఆర్ ఇస్తారా, బ్యాగులు నేరుగా లండన్‌కు వెళ్తాయా అని విక్రేతను రాతపూర్వకంగా అడగండి. దిగే చోట, ఎక్కే చోట ఉన్న మూడక్షరాల విమానాశ్రయ కోడ్‌లు ఒకటేనో కాదో చూడండి. వీటికి సూటిగా జవాబు రాకపోతే, సింగపూర్ మీదుగా ఒకే టికెట్‌పై తీసుకెళ్లే విమానయాన సంస్థ దగ్గరే నేరుగా కొనుక్కోండి.