నాగోలు వైపు ఇల్లు కొని ఎనిమిదేళ్లు: కాగితాల్లో కనిపించని పల్లం

2017 ఫిబ్రవరిలో నాగోలు మెట్రో స్టేషన్‌కు రెండున్నర కిలోమీటర్ల దూరంలో, 167 గజాల్లో కట్టిన ఇల్లు కొన్నాం. గజం ధర ఎంత, దగ్గరలో బడులెన్ని, ఆసుపత్రి ఎంత దూరం అన్న వివరాలు ఇల్లు వెతుకుతున్నవారికి ఎలాగూ తెలిసే ఉంటాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను. ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు మేము అడగని, మాకు ఎవరూ చెప్పని ఒక్క విషయం గురించే రాస్తాను. అది మెరక, పల్లం సంగతి.

మాది సూర్యాపేట దగ్గర పల్లెటూరు. మావైపు నుంచి హైదరాబాదు వచ్చి స్థిరపడినవారిలో చాలామంది హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీనగర్, నాగోలు చుట్టూనే ఉంటారు. విజయవాడ రహదారి ఎక్కితే ఊరు చేరినట్టే కాబట్టి మాకూ ఆ దిక్కే నచ్చింది. నా భార్య ఉద్యోగం తార్నాకలో. 2017 నవంబరులో నాగోలు నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్‌కు మెట్రో మొదలయ్యాక, అంతకుముందు గంటకు పైగా పట్టే ప్రయాణం ఆమెకు సగానికి తగ్గింది. ఆ సంతోషంతో మూడేళ్లపాటు ఎవరు అడిగినా ఈ ప్రాంతంలోనే కొనమని నిస్సంకోచంగా చెప్పాను. నా మాట మీద ఇద్దరు బంధువులు ఇటే కొన్నారు కూడా.

కొనేటప్పుడు మేమేమీ తొందరపడలేదు. ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, అప్పులు చూపే రిజిస్ట్రేషన్ శాఖ పత్రం) తీయించాం, లింకు డాక్యుమెంట్లన్నీ, అంటే అంతకుముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజులన్నీ, వరుసగా చూపించాం, బ్యాంకు న్యాయవాది ఒకటికి రెండుసార్లు చదివి సరేనన్నాడు. స్థలం చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే చెరువు భూమిలో లేదు, దాని చుట్టూ వదలాల్సిన బఫర్ జోన్‌లోనూ లేదు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్ల వరకు కట్టడాలు ఉండకూడదన్న నిబంధన నాకు అప్పటికే తెలుసు. మా ఇల్లు దానికి ఎంతో దూరంలో ఉందని చూసి నిశ్చింతగా ఉన్నాను. ఆ నిశ్చింతే నా పొరపాటు. ఆ హద్దు చెరువు లోపలి భూమికి, దాని అంచుకు సంబంధించినది. చెరువు కట్టకు అవతల, అంటే దిగువన ఉండే ఆయకట్టు భూమి నిఖార్సైన పట్టా భూమే. దాన్ని కొనడానికి చట్టప్రకారం ఏ అడ్డూ లేదు. కానీ నీళ్లు పారడానికి వీలుగా ఉన్నందువల్లే అది ఒకప్పుడు వరిపొలమైంది. భూమి ఎవరిదో కాగితాలు చెబుతాయి గాని, చెరువు నిండి అలుగు పోస్తే నీళ్లు ఏ దారిన వెళ్తాయో చెప్పవు.

2020 అక్టోబరు 13, మంగళవారం. పొద్దుటి నుంచీ ముసురు పట్టి ఉంది, సాయంత్రానికి కుండపోత అయింది. ఆ రోజు ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్లకు పైగా వాన కురిసిందని తర్వాత తెలిసింది. రాత్రి ఎనిమిదిన్నరకు కరెంటు పోయింది. గేటు దగ్గర నీళ్లు ఇంకా మొదటి మెట్టు కూడా తాకలేదని టార్చిలైటు వేసి చూసి వచ్చి కూర్చున్నాను. పది నిమిషాలకు స్నానాలగదిలో ఏదో గుడగుడమంటోందని అమ్మ పిలిచింది. నేలమీది జాలీలోంచి నల్లటి నీళ్లు బుడగలుగా పైకి వస్తున్నాయి. వరద గేటు దాటి వస్తుందని ఎదురుచూస్తుంటే, అది డ్రైనేజీ గొట్టంలోంచి వెనక్కి తన్ని ముందుగా ఇంట్లోకే వచ్చింది. జాలీ మీద పాత చీర కుక్కి పీట వేసి నిలబడ్డాను. పీటతో పాటు నీళ్లు నన్ను పైకి నెడుతున్నట్టు కాళ్ల కింద తెలిసింది. అంతలోనే వంటింటి గొట్టం, ఆ వెంటనే ముందు గుమ్మం.

అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కి ఏడాది దాటింది. కరోనా భయంతో మార్చి నుంచి పై వాటాలో అద్దెకుండేవారితో మాకు మాటలే తప్ప రాకపోకలు లేవు. ఆ అబ్బాయి మేము పిలవకముందే కిందికి దిగి వచ్చి, "అన్నా, ముందు అమ్మను పైకి తీస్కపోదాం, సామాన్ల సంగతి తర్వాత" అన్నాడు. ఇద్దరం కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుపోయాం. పైనుంచే అమ్మ, బియ్యం సంచి మంచం మీదికి ఎక్కించమని కేకేస్తూనే ఉంది. బియ్యం దక్కాయి. ఫ్రిజ్, వాషింగ్ మెషీను, మెట్ల కింద ఉన్న ఇన్వర్టరు బ్యాటరీ, పిల్లల పుస్తకాలు, ఇంటి పత్రాల జిరాక్సులు పోయాయి. అన్నిటికన్నా బాధపెట్టింది సంపు. అందులో కృష్ణా నీళ్లు నిండుగా ఉన్న సమయంలో మురుగు వచ్చి కలిసింది. చుట్టూ నడుముల్లోతు నీళ్లున్నా తాగడానికి బిందెడు నీళ్లు లేని పరిస్థితి మూడు రోజులు. కాస్త తీసింది, కడుక్కుందాం అనుకునేలోగా 17వ తేదీ రాత్రి మళ్లీ పెద్ద వాన కురిసి మళ్లీ నిండింది.

ప్రభుత్వం ముంపు కుటుంబాలకు ప్రకటించిన 10,000 రూపాయలు మాకూ అందాయి. మాకు మొత్తం ఖర్చు మూడున్నర లక్షలు దాటింది. గృహరుణంతో పాటు బ్యాంకు చేయించిన బీమా ఇంటికి కూడా వర్తిస్తుందని అనుకున్నాం. తీరా చూస్తే అది నా ప్రాణానికి చేసిన బీమా, గోడలకూ సామాన్లకూ సంబంధం లేనిది. రుణం తీసుకున్నవారు ఆ కాగితం ఈ రోజే తీసి చదువుకోవాలని నా మనవి.

బురద ఎత్తిపోస్తున్న రోజుల్లో వీధి చివర చాయ్ దుకాణం దగ్గర కూర్చునే పెద్దాయన ఒకరు వచ్చి చూసి, "ఇదంత కట్ట కింది పొలమే సారూ, మేం ఈడ నాట్లేసినం" అన్నారు. మా ఇంటి స్థలంలో ఎప్పుడూ నీళ్లు నిలిచే మడి ఒకటి ఉండేదట. మూడేళ్లుగా రోజూ ఆయనకు ఎదురుపడుతున్నా ఆ ముక్క అడగాలని నాకు తోచలేదు. ఇల్లు చూపించిన మధ్యవర్తికి ఇది తెలుసో లేదో నేను చెప్పలేను. తెలిసి దాచాడని నింద వేయను గాని, వానాకాలంలో చూద్దామని నేను అన్నప్పుడు అప్పటికి ధర పెరిగిపోతుందని తొందరపెట్టిన మాట మాత్రం ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.

ఆ తర్వాత ఒక మేస్త్రీని పిలిచి, నీళ్లు నింపిన లెవెల్ పైపుతో మట్టం చూపించాను. వీధి మొదట్లో ఉన్న రోడ్డుకన్నా మా హాలు గచ్చు రెండడుగుల మూడంగుళాలు కిందకు ఉంది. ఇల్లు కట్టినప్పుడు ఇంత తేడా లేదు. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా దాని మీదే పోయడంవల్ల, ఇల్లు కదలకుండానే పల్లంలోకి చేరింది. అప్పుడు గాని ఎదురింటివారి గేటు దగ్గర అంత ఏటవాలు ర్యాంపు ఎందుకుందో, పక్క వీధిలో సంపు మూతలు నేలకు రెండడుగుల ఎత్తున ఎందుకున్నాయో అర్థం కాలేదు. పాత నివాసులు తమ అనుభవాన్ని సిమెంటుతో కట్టి కళ్లెదుటే పెట్టారు. మేము మాత్రం టైల్స్ రంగు, మాడ్యులర్ కిచెన్ చూసుకుని వచ్చాం. ఇప్పుడు ఎవరితో ఇల్లు చూడడానికి వెళ్లినా నేను మొదట చూసేది ప్రహరీ గోడలే. పాత ఇళ్ల గోడల మీద ఒకే ఎత్తులో తేమ చార కనిపిస్తే, నీళ్లు అంతవరకు నిలిచాయేమోనని అనుమానించాలి; ఆ చార ఎన్ని సున్నాలు వేసినా మళ్లీ బయటపడుతుంది.

న్యాయంగా చెప్పాల్సింది ఇంకొంత ఉంది. 2021 తర్వాత ఎస్‌ఎన్‌డీపీ అనే నాలాల అభివృద్ధి పథకం కింద నగరంలో పనులు చేపట్టారు, మా వైపు కూడా పెద్ద బాక్స్ డ్రెయిను వేశారు. మేము డ్రైనేజీ గొట్టానికి నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వు పెట్టించాం, సంపు మూతను రెండడుగులు లేపాం, గుమ్మం దగ్గర గట్టు కట్టించాం. ఆ తర్వాత వీధిలోకి మోకాళ్ల వరకు నీళ్లు వచ్చాయి గాని ఇంట్లోకి రాలేదు. అయినా వాన గట్టిగా పట్టిన రాత్రి అమ్మ నిద్రపోదు. స్నానాలగది తలుపు తెరిచి ఒకసారి జాలీ చూసి వచ్చి పడుకుంటుంది. మెట్రో గురించి నేను చేసిన పొగడ్తలోనూ కొంత తగ్గించుకోవాలి: రైలు వేగమే గాని, ఇంటి నుంచి స్టేషను వరకు ఆ రెండున్నర కిలోమీటర్లే వానలో అన్నిటికన్నా కష్టమైన దారి.

ఇంత జరిగినా మేము ఇల్లు అమ్మలేదు. నా భార్య ఉద్యోగం, అమ్మాయి చదువు, పై వాటావారితో కుదిరిన ఆత్మీయత, ఇంకా తీరని రుణం, ఇవన్నీ లెక్కవేసుకుంటే మాకు ఇక్కడే ఉండడం మేలనిపించింది. పసిపిల్లలు, మంచాన ఉన్న పెద్దలు ఉండి, పై అంతస్తు లేని ఇల్లు కొనేవారికి మాత్రం ఈ వీధిని నేను సూచించలేను. ఇదే ప్రాంతంలో నాలుగు వీధులు పైకి, మెరక మీద మా బావమరిది ఒక ఇల్లు చూశాడు. మా వీధి ధరకన్నా పన్నెండు లక్షలు ఎక్కువ చెబుతున్నారు. నా లెక్కలో ఆ తేడా ఎక్కువేమీ కాదు గాని, కట్టాల్సినవాడు అతను కాబట్టి నేను బలవంతం చేయలేదు. ఒక పెద్ద వాన పడిన రాత్రి టార్చిలైటు పట్టుకుని మళ్లీ వస్తామని, ఆ తర్వాతే బయానా ఇస్తామని ఇంటివారికి చెప్పి వచ్చాం.