రూల్‌విల్‌లో ఫానీ లూ హేమర్ ఏకపాత్రాభినయం

అమెరికాలోని మెంఫిస్ నుంచి రూల్‌విల్‌కి కారులో రెండు గంటలు. బస్సులూ రైళ్లూ నమ్ముకునే ప్రాంతం కాదు, కారు ఉండాల్సిందే. అక్టోబర్‌లో వెళ్తే మిసిసిపీ డెల్టా అంతా రోడ్డుకి రెండు పక్కలా విచ్చుకున్న పత్తే. ఇప్పుడు మెషీన్లు ఏరుతున్నాయి. నల్లజాతివాళ్ల ఓటు హక్కు కోసం పోరాడిన ఫానీ లూ హేమర్ ఆరేళ్లకే ఈ చేలల్లోకి దిగింది. 1962 ఆగస్టు 31న ఓటు నమోదుకి దగ్గర్లోని ఇండియనోలా అనే ఊరికి వెళ్లొచ్చిందని, 18 ఏళ్లు చాకిరీ చేయించుకున్న భూస్వామి ఆ రాత్రే వెళ్లగొట్టాడు.

బసకి రూల్‌విల్ కంటే పది మైళ్ల దూరంలోని క్లీవ్‌లాండ్ నయం. యూనివర్సిటీ ఉన్న ఊరు, మామూలు హోటళ్లు దొరుకుతాయి. పాలుకి సాగుచేసిన కుటుంబాలు బతికిన గుడిసెల్ని సరదా గదులుగా మార్చి అద్దెకిచ్చే చోట్లూ డెల్టాలో ఉన్నాయి. రివ్యూలు బ్రహ్మాండం. హేమర్ కోసం వచ్చి అక్కడ పడుకోవడానికి నాకు మనసొప్పలేదు.

ప్రదర్శన రూల్‌విల్‌లోనే చిన్న హాల్లో. ఒక కుర్చీ, ఒక మైకు, ఒకే నటి. 1963లో ఓటు హక్కు పనిమీద తిరుగుతుంటే అరెస్టు చేసి, మిసిసిపీలోనే ఉన్న వినోనా ఊరి జైల్లో హేమర్‌ని పడుకోబెట్టి, తోటి నల్లజాతి ఖైదీల చేతే కొట్టించారు. దెబ్బలకి గౌను పైకి జరుగుతుంటే ఆవిడ కిందికి లాక్కుంది, ఒక తెల్లవాడు మళ్లీ పైకి లాగాడు. నటి ఆ దెబ్బలేవీ చూపించలేదు. కుర్చీలో కూర్చుని గౌను అంచుని మోకాళ్ల మీదకి సర్దుకుంటూనే ఉంది, సర్దుకుంటూనే ఉంది. నా వెనక వరుసలో ఒక పెద్దావిడ "చెప్పమ్మా, చెప్పు" అంటూ పాట అందుకుంది. హాలంతా కలిసింది. పెద్ద నగరంలో ఖరీదైన థియేటర్లో ఇది దొరకదు, ఈ ఒక్కదాని కోసమైనా ఇక్కడికే రావాలి.

1964లో అట్లాంటిక్ సిటీలో, డెమొక్రటిక్ పార్టీ మహాసభలో, హేమర్ ఈ దెబ్బల గురించి సాక్ష్యం చెబుతుంటే, కెమెరాలు అటు తిరగకుండా ప్రెసిడెంట్ జాన్సన్ హడావిడిగా ప్రెస్‌మీట్ పెట్టాడు. అయినా సాయంత్రం వార్తల్లో దేశమంతా ఆవిడ మాటలే విన్నది. నాటకంలో ఆ భాగం కాస్త త్వరగా ముగించారనిపించింది. ఆవిడని అడక్కుండా గర్భసంచి తీసేసిన 1961 నాటి ఆపరేషన్ గురించీ, పేద కుటుంబాల కోసం ఆవిడ 1969లో 40 ఎకరాలతో మొదలుపెట్టిన సహకార పొలం ఫ్రీడం ఫార్మ్ గురించీ మాత్రం తీరిగ్గా చెప్పారు. ఆడపందిని ఇంటికిచ్చి, ఈనాక పిల్లల్లో కొన్నిటిని తిరిగి తీసుకుని ఇంకో ఇంటికివ్వడం అక్కడి పద్ధతి. ఆకలి తీరడమే ఆ ఇళ్లకి మొదటి మందు అన్నట్టు సాగింది ఆ ఘట్టం.

తర్వాత అందరికీ భోజనం. క్యాట్‌ఫిష్ వేపుడు, మొక్కజొన్న రొట్టె అద్భుతం. శాకాహారులు ఆకుకూర తినేముందు అడగండి, పంది మాంసం వేసి ఉడికిస్తారు.

రూల్‌విల్‌లోని హేమర్ స్మారక తోట మర్నాడు పొద్దున్నే చూడండి. ప్రవేశ రుసుము లేదు. మైకు పట్టుకున్న కంచు విగ్రహం, పక్కనే ఆవిడ సమాధి, భర్తది. నీడ తక్కువ, నీళ్లు వెంట ఉంచుకోండి. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు వినోనా సంగతి ముందే చెప్పి తీసుకెళ్లండి.