క్లౌడ్ సర్వర్‌తో నాలుగేళ్లు: మా స్పేర్‌పార్ట్స్ కొట్టు అనుభవం

విజయవాడ ఆటోనగర్‌లో మాది లారీ స్పేర్‌పార్ట్స్ కొట్టు. నాలుగేళ్ల కిందటి దాకా లెక్కలన్నీ కౌంటర్ కింద ఉన్న పాత కంప్యూటర్లోనే. కరెంటు పోతే బిల్లింగ్ ఆగిపోయేది. గుంటూరు బ్రాంచి లెక్కలు పెన్‌డ్రైవ్‌లో మోసుకొచ్చేవాళ్లం. ఆ బాధ పడలేక నెల అద్దెకి క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా వాడుకునే వేరే కంపెనీ కంప్యూటర్ల మీద, విండోస్ సర్వర్ తీసుకున్నాం.

పనిలో వంక పెట్టడానికేం లేదు. రెండు చోట్ల స్టాకూ ఒక్క తెర మీదే కనిపిస్తుంది. ఆడిటర్ గారు తన ఆఫీసు నుంచే చూసుకుంటారు.

రెండో ఏడాది సర్వర్ నత్తనడక పట్టింది. మా మేనల్లుడిని కూర్చోబెడితే, సర్వర్లో జరిగినవన్నీ చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిచాడు. 4625, 4625, 4625... తెర నిండా అదే. "తప్పు పాస్‌వర్డ్ కొట్టినప్పుడల్లా పడే నంబరు మావయ్యా ఇది" అన్నాడు. అడ్మిన్ అనే పేరుతో ఒకసారి, అడ్మినిస్ట్రేటర్ అనే పేరుతో ఇంకోసారి, ఎవరో బయటినుంచి లాగిన్ కావాలని ఆగకుండా ప్రయత్నిస్తూనే ఉన్నారు. దూరం నుంచి సర్వర్ తెర తెరుచుకునే రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు, అంటే లోపలికొచ్చే ద్వారం, లోకమంతటికీ తెరిచి ఉందట. ఆ వరదకి పాత లాగ్‌లు (ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో సర్వర్ రాసుకునే చిట్టా) చెరిగిపోయి, నాలుగు రోజుల వెనక్కి ఏమీ లేదు. ఎవడైనా లోపలికొచ్చి పోయాడా అంటే చెప్పలేని స్థితి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దాచాలి, దాడి సంగతి తెలిసిన 6 గంటల్లో వాళ్లకి చెప్పాలి!

సర్వర్ ఇచ్చినవాళ్లని అడిగితే "పోర్టు మీరే మూసుకోవాలండీ" అన్నారు. ఒళ్లు మండింది. తీరా ఒప్పందం తీసి చూస్తే అలాగే ఉంది. సంతకం పెట్టేటప్పుడు ఎవరు చదివారు గనక. సిగ్గు విడిచి ఇంకోటీ చెప్తాను: మానేసి ఆరు నెలలైన గుమాస్తా లాగిన్ ఇంకా పనిచేస్తోంది. అందరి పాస్‌వర్డూ ఒకటే, కొట్టు పేరు పక్కన 123.

పోర్టు మూయించి, మావాళ్లు మాత్రమే రాగలిగే రహస్య దారి లాంటి వీపీఎన్, ఓటీపీ పెట్టించాం. కౌంటర్ కుర్రాళ్లు వారం రోజులు గొణిగి ఊరుకున్నారు.

బ్యాకప్ కూడా అదే అకౌంట్లో ఉండేది. 2014లో కోడ్ స్పేసెస్ అనే కంపెనీ క్లౌడ్ అకౌంట్లోకి దూరినవాడు డేటాతో పాటు బ్యాకప్‌లూ చెరిపేశాడు. ఆ కంపెనీ మూతపడింది. అది విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు రోజూ ఒక కాపీ వేరే కంపెనీ స్టోరేజీకి వెళ్తుంది. శనివారం ఇంకోటి హార్డ్‌డిస్క్‌లోకి తీసి, వైరు పీకి బీరువాలో పెడతాం.

వీటన్నిటితో నెల ఖర్చు దాదాపు సగం పెరిగింది. అమ్మేటప్పుడు ఆ మాట ఎవరూ అనలేదు, అందుకే అయిదుకి మూడున్నర మార్కులే ఇస్తాను. కౌంటర్ కింద కంప్యూటర్‌కి మాత్రం మళ్లీ వెళ్లను.