ముందు ఇన్వర్టరా, మిద్దె మీద ఇంకో ట్యాంకా?

చిత్తూరు నుంచి మా బావమరిది మొన్న ఫోన్ చేశాడు. "బావా, చేతిలో ముప్పై వేలుండాయి. ఇన్వర్టరు పెట్టేదా, మిద్దె మీద ఇంకో ట్యాంకు పెట్టేదా?" అని. కొత్తగా కొన్న ఇల్లు, ఇద్దరు పిల్లలు, మా అత్త కూడా వాళ్ళ దగ్గరే. నేను ఠక్కున ట్యాంకన్నాను.

"నువ్వు తిరపతిలో వరద చూసినోడివి, అట్లే అంటావులే. మాకు వరద ఏడొస్తాది? ఎండాకాలం ఫ్యాను లేకుంటే అమ్మ కన్ను మూయదు" అన్నాడు.

ఆ మాటా నిజమే. ఫోన్లో తెగలేదు, అందుకే తీరిగ్గా లెక్కలేసుకుని చూశాను.

ముందు నా అనుభవం. 2021 నవంబరు 18. అప్పటికి తిరుపతి ఇంకా చిత్తూరు జిల్లాలోనే ఉంది. బంగాళాఖాతంలో వాయుగుండం. శేషాచలం మీద పడిన నీళ్ళు కపిలతీర్థం దగ్గర దూకి ఊళ్ళోకి మళ్ళాయి. మాది పల్లపు వీధి, కింది అంతస్తు. దీపాలు పెట్టే వేళకు నీళ్ళు గడప దాటాయి. హాల్లో మూలన ఇన్వర్టరు, దాని కింద చక్రాల ట్రాలీలో బ్యాటరీ, నేలకు నాలుగు వేళ్ళ ఎత్తులో. కరెంటు పోగానే లైట్లు వెలిగాయి, పర్లేదనుకున్నాం. అరగంటలో ఆ మురికినీళ్ళు బ్యాటరీ సగానికొచ్చాయి. పెట్టె కుయ్‌కుయ్‌మంటోంది, దగ్గరికి పోదామంటే కాళ్ళు నీళ్ళలో. చివరికి ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి, ఎండిన కర్రతో స్విచ్చు నొక్కి ఆపాను. అదీ చెయ్యకూడని పనే. నీళ్ళు వాకిట్లో ఉండగానే మెయిన్ దించి, బ్యాటరీ వైర్లు పీకించి ఉండాల్సింది.

ఇంతా చేసి, ఆ రాత్రి ఫ్యాను ఎవరికి కావాలి? నవంబరు వానలో దుప్పటి కావాలి. మాకు అవసరమైన కరెంటల్లా రెండు దీపాలకు, ఒక ఫోనుకు. ఛార్జింగు లైట్లు రెండు, పవర్ బ్యాంకు ఒకటి ఉంటే సరిపోయేది. లేనిది నీళ్ళు. పొద్దున మోటారు వెయ్యడానికి బద్ధకించాను, పైట్యాంకులో పావు వంతే ఉంది. సంపు నిండా ఉంది కానీ పైకెక్కించే మోటారుకు కరెంటు లేదు. తెల్లారేసరికి వరద నీళ్ళు సంపు మూత సందుల్లోంచి దిగి, ఉన్న నీళ్ళూ పాడయ్యాయి.

మోటారును ఇన్వర్టరు మీద నడపొచ్చు కదా అని మా బావమరిదే అడిగాడు. ఒక హార్స్‌పవర్ మోటారంటే 746 వాట్లు. మొదలయ్యేటప్పుడు దానికి అనేక రెట్లు లాగుతుంది. ఇళ్ళలో పెట్టుకునే 900 వీఏ (ఇన్వర్టరు మోయగల బరువుకు కొలత, ఇంచుమించు వాట్ల లాంటిదే) ఇన్వర్టరు అక్కడే చేతులెత్తేస్తుంది. బోరుంది కదా అనుకుంటే అదీ అంతే. మామూలు చేతి పంపు సుమారు 150 అడుగుల లోతు దాకా లాగుతుంది. మన జిల్లాలో బోర్ల లోతు చెప్పుకుంటే గుండె గుభేలుమంటుంది. సబ్‌మెర్సిబుల్ మోటారు లేకుండా చుక్క రాదు. అంటే సంపు, బోరు, మోటారు అన్నీ కరెంటు తీగకు వేలాడుతున్నవే. మిద్దె మీద ట్యాంకు ఒక్కటే దేనికీ వేలాడకుండా, కుళాయి తిప్పితే తనంతట తాను కిందికి దిగుతుంది. నేను ట్యాంకన్నది అందుకే.

సంపును చిన్నచూపు చూస్తున్నానని కాదు. సంపు గురించి ఒక జాగ్రత్త మాత్రం మన ఊరే నేర్పింది. ఆ వరదల తర్వాత తిరుపతిలోనే శ్రీకృష్ణ నగర్‌లో, ఒక ఇంటి ఆవరణలో సిమెంటు ఒరల నీళ్ళ తొట్టి నిలువునా భూమిలోంచి పైకి లేచింది. లోపల దిగి శుభ్రం చేస్తున్నామె అదృష్టం కొద్దీ బతికి బయటపడింది. జనం వింతగా చూడ్డానికి పోయారు గానీ, అందులో మాయ ఏమీ లేదు. చుట్టూ భూమి నీళ్ళతో ఉబ్బి ఉన్నప్పుడు ఖాళీ తొట్టి పడవతో సమానం, కింది నుంచి నీళ్ళు నెడతాయి. కాబట్టి పెద్ద వాన వెలిసిన రెండో రోజే సంపు తోడేసి కడగాలని తొందరపడొద్దు. నేల ఆరనివ్వాలి. అందాకా ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు, అంతే. ఆ తర్వాత కడిగి, శుభ్రమైన నీళ్ళు నింపి, బ్లీచింగ్ పౌడరు కలపాలి. తేట నీళ్ళకు వెయ్యి లీటర్లకు రమారమి 2.5 గ్రాములు, కలిపాక ఒక గంట ఆగాలి. తాగే నీళ్ళు మా ఇంట్లో ఇప్పటికీ తెర్లేదాకా కాస్తాం.

ఇక ఎండాకాలం సంగతి. ఇక్కడ బావమరిదిదే పైచెయ్యి. ఏప్రిల్ రాత్రి రెండు గంటలు కరెంటు పోతే ట్యాంకు గాలి విసరదు కదా! కానీ బ్యాటరీ లెక్క ఒకసారి చూడండి. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, బ్యాటరీలో ఎంత పడుతుందనే కొలత), 12 వోల్టులు, రెండూ గుణిస్తే కాగితం మీద 1800 వాట్ అవర్లు. నష్టాలు పోను, బ్యాటరీని అడుగంటా పిండకుండా ఉంటే నేను 1200 అనుకుంటాను. మామూలు ఫ్యాను 75 వాట్లు. రెండు ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు వేస్తే ఆరు గంటలు. అవే ఫ్యాన్లు బీఎల్‌డీసీవి, అంటే కరెంటు తక్కువ తాగే కొత్తరకం మోటారువి అయితే ఒక్కోటి 28 నుంచి 30 వాట్లే, అదే బ్యాటరీ పన్నెండు గంటలు లాగుతుంది. ముందు ఫ్యాను మారిస్తే తర్వాత కొనే బ్యాటరీ చిన్నదైనా చాలు. అంగడివాడు ఈ ముక్క చెప్పడు, వాడికి పెద్ద బ్యాటరీ అమ్ముడుపోవాలి.

సోలారు కూడా అడిగాడు. ఇళ్ళ మీద సోలారుకు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, నెల బిల్లు తగ్గించుకోవడానికి మంచిదే. అయితే బ్యాటరీ లేకుండా గ్రిడ్డుకు కలిపే సోలారు, వీధిలో కరెంటు పోతే తనూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనుషులకు షాకు కొట్టకుండా అలా తయారుచేస్తారు. మిట్టమధ్యాహ్నం ఎండ దంచుతున్నా, మిద్దె మీద పలకలుండగానే ఇంట్లో ఫ్యాను తిరగదు. ఇది తెలియక ఉసూరుమన్నవాళ్ళను ఇద్దరిని చూశాను.

పొయ్యి విషయంలో తర్జనభర్జన అక్కర్లేదు. ఇండక్షన్ పొయ్యి కరెంటుతో పాటే పోతుంది. బొగ్గుల కుంపటి వాన రోజు తలుపులేసిన గదిలో పెడితే ప్రాణానికే ముప్పు. రెండో సిలిండరు ఒక్కటే దారి. గ్యాసు లీకు వాసనొస్తే 1906కు ఫోన్ చెయ్యాలి.

తిండికి మా అవ్వ పద్ధతి చాలు. రాగులు గింజలుగా పెడితే ఏళ్ళ తరబడి పురుగు పట్టవు, పిండి పట్టిస్తే ఆ మాట చెప్పలేం. బియ్యం అట్లా కాదు, నెల మరిస్తే ముక్కపురుగు. కానీ సంకటికి పొయ్యి కావాలి, తిప్పే ఓపికా కావాలి. ఆ వరద రాత్రి పిల్లలు తిన్నది బొరుగులు, వేయించిన చెనిక్కాయలు, బెల్లం. నిప్పు లేదు, గిన్నె కడిగే పని లేదు. మూత బిగుతుగా ఉండే డబ్బాలో అటక మీద పెడితే చాలు.

అందుకని బావమరిదికి చెప్పిందిది. వెయ్యి లీటర్ల ట్యాంకు, పైపులు, ప్లంబరు కూలి అన్నీ కలిపినా ముప్పై వేలలో సగం కాదు. నలుగురైదుగురు పొదుపుగా వాడితే ఐదు రోజులు గడుస్తాయి. మిగిలినదాంట్లో రెండో సిలిండరుకు కట్టి, ఛార్జింగు లైట్లు రెండు తెచ్చుకోమన్నాను.

"సరే, ట్యాంకు ఏడ పెట్టేది? మెట్ల పక్కన ఖాళీ ఉండాది."

"వెయ్యి లీటర్లంటే టన్ను బరువు రా. శ్లాబు మధ్యలో పెట్టొద్దు. మేస్త్రీని పిలిచి, కింద స్తంభాలు, దూలాలు ఎక్కడున్నాయో చూసి వాటి మీద పెట్టించు."

"మరి అమ్మకు ఫ్యానో?"

"ఆ 28 వాట్లది ఒకటి ఈ నెల్లోనే తగిలించు. ఇన్వర్టరు ఉగాదికి చూద్దాం. కొన్నాక నేల మీద మాత్రం పెట్టొద్దు, గోడకు నడుమెత్తున కడప బండ వేయించు."