డీడీఆర్3 8 జీబీ ర్యామ్ సగం రేటుకి కనబడితే ఆగండి, ముందు ఇది చదవండి

పాత సిస్టమ్‌కి ర్యామ్ (డీడీఆర్3 అంటే అలాంటి వాటిలో వాడే పాత తరం ర్యామ్) పెంచుదామనుకునేవాళ్లు డబ్బులు కట్టకముందే ఒకసారి చూడండి, నాకు 850 రూపాయలూ మూడు ఆదివారాలూ పోయాయి.

మాది 2012లో అసెంబుల్ చేయించిన డబ్బా, ఇంటెల్ ఐ3 2120 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, 2 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు. నాన్న ట్యాలీ ఓపెన్ చేసి పక్కన క్రోమ్‌లో రెండు ట్యాబులు తీస్తే ఇక మౌస్ కదలదు, ఆయన టీ తాగొచ్చేదాకా హార్డ్‌డిస్క్ గరగరమంటూనే ఉంటుంది. సరే ర్యామ్ వేద్దామని ఆన్‌లైన్‌లో వెతికితే 8 జీబీ స్టిక్ ఒకటి మిగతావాటిలో సగం రేటుకే ఉంది, నాలుగున్నర స్టార్లు, 1600 స్పీడు, మూడేళ్ల వారంటీ. ఇంకేం ఆలోచిస్తాం, కొట్టేశా ఆర్డరు.

వచ్చింది, పెట్టా. ఫ్యాన్ తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, స్క్రీన్ నల్లగానే ఉంది, లోపల బుల్లి స్పీకర్ మాత్రం ఒకటే కూత. తెలిసిన వైద్యాలన్నీ చేశా, చెల్లి కంపాస్ బాక్సులో రబ్బరు కొట్టేసి ఆ బంగారు రంగు పళ్లు మెరిసేదాకా రుద్దా, స్లాటు మార్చా, బోర్డు సెట్టింగులు గుర్తుంచే సీమాస్ బ్యాటరీ పీకి పావుగంట ఆగి మళ్లీ పెట్టా, ఆఖరికి బోర్డుని స్టార్ట్ చేసే బయాస్ ప్రోగ్రామ్ అప్‌డేట్ కూడా చేశా (మధ్యలో కరెంటు పోయుంటే బోర్డే పోయేది, బుద్ధి లేదు నాకు). పాత స్టిక్కులు పెడితే మాత్రం టక్కున ఆన్ అవుతోంది.

చివరికి దాన్ని జేబులో వేసుకుని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పోయా. అక్కడ రిపేర్ చేసే తమ్ముడు అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నా, గిది ఏఎండీ ర్యామ్. మీది ఇంటెల్ బోర్డు. ఎంత రుద్దినా ఎక్కది" అన్నాడు. రబ్బరు సంగతి నేను చెప్పనేలేదు!

అసలు సంగతేంటంటే, ఇంటెల్, ఏఎండీ రెండూ ప్రాసెసర్ కంపెనీలు. మామూలు డెస్క్‌టాప్ స్టిక్‌లో ఒక్కో చిప్పు ఒకసారికి 8 బిట్ల డేటా ఇచ్చేది ఉంటుంది, ఈ చవక వాటిలో సర్వర్ ర్యాముల్లో వాడే 4 బిట్ల రకం చిప్పులు వేస్తారు. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకి అవి అర్థం కావు, ఏఎం3, ఎఫ్ఎం2 లాంటి పాత ఏఎండీ బోర్డుల్లో నడుస్తాయి. ఆ నాలుగున్నర స్టార్లు ఇచ్చింది వాళ్లే అయ్యుంటారు. ఇంటికొచ్చి పేజీ మళ్లీ చూస్తే కిందెక్కడో, కేబుల్ ఫొటోల తర్వాత, "ఏఎండీకి మాత్రమే" అని ఒక్క లైను ఉంది. అమ్మినాయన ఏమో సీలు తీశారు కదా సార్ రిటర్న్ అవ్వదు, ర్యామ్ బానే ఉంది కదా అంటాడు. సీలు తీయకుండా నడుస్తుందో లేదో ఎలా తెలుస్తుందయ్యా?

కొనేముందు స్టిక్కరు ఫొటో క్లియర్‌గా పంపమనండి. దాని మీద 2ఆర్ఎక్స్8 (2Rx8) అని ఉంటే 8 బిట్ల చిప్పులని అర్థం, ఎక్స్4 (x4) అని ఉంటే ముట్టుకోవద్దు. పీసీ3-12800 (1600 స్పీడుకి రాసే కోడ్) తర్వాత యూ (U) అక్షరం ఉంటే డెస్క్‌టాప్‌ది, ఎస్ (S) ఉంటే ల్యాప్‌టాప్‌ది, ఆర్ (R) ఉంటే సర్వర్‌ది. ఫొటో ఇవ్వనంటే వదిలేయండి అంతే. ఇంకా పాత ఇంటెల్ జీ41 బోర్డు అయితే 8 జీబీ స్టిక్ జోలికే పోవద్దు, స్లాటుకి 4 జీబీయే దాని లిమిట్, అందులోనూ రెండు వైపులా కలిపి 16 చిప్పులున్న పాత రకమే చూసుకోవాలి. విండోస్ 32 బిట్‌దైతే ఎంత వేసినా 4 జీబీ దాటి వాడుకోదు, అది కూడా ముందే చూసుకోండి.

నేను సీటీసీలోనే 4 జీబీవి రెండు సెకండ్ హ్యాండ్‌వి తీసుకున్నా, మరుసటి వారం సీపీయూ మోసుకెళ్లి అక్కడే పెట్టించి, ఆన్ అయ్యాకే డబ్బులిచ్చా. 1600వి అయినా మా ప్రాసెసర్‌కి 1333లోనే నడుస్తాయి, పర్లేదు, నాన్న ట్యాలీ ఇప్పుడు ఆగట్లేదు. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి నిన్ననే కంప్లైంట్ పెట్టా, చూడాలి. ఆ 8 జీబీది డ్రాయర్‌లో పడుంది, ఎవరిదైనా ఏఎం3 బోర్డు ఉంటే చెప్పండి, సగం రేటుకి ఇచ్చేస్తా, ఏఎండీకి మాత్రమే అని ముందే చెప్తున్నా.